ఘటం కొనాలి, ఎట్లా చూసుకోవాలి? (కావలి నుంచి)

కావలి_లత
అందరికీ నమస్కారం. మాది కావలి. మా పాపకి పద్నాలుగేళ్లు, నాలుగేళ్లుగా మృదంగం నేర్చుకుంటోంది. పోయిన శ్రీరామనవమికి పందిట్లో కచేరీ జరిగితే ఘటం వాయించే ఆయనకి ఎదురుగా కూర్చుని కన్నార్పకుండా చూసింది, అప్పట్నుంచి ఇంట్లో గిన్నె కనపడితే చాలు తరికిట వేస్తోంది. నిన్న మంచినీళ్ల కుండ మూతి పగిలింది. ఇంక ఆగేట్టు లేదని నిజం ఘటమే కొనిద్దామనుకున్నాం.

ఆన్‌లైన్లో ఫొటోలు చూస్తే అన్నీ ఒకే మాదిరిగా ఉన్నాయి. శ్రుతి అని ఏదో నంబరు రాస్తున్నారు, అది అర్థం కాలేదు. మా వీధికి కుండలు తెచ్చే అవ్వేమో "అంత డబ్బెందుకమ్మా, నేను మంచి కుండ తెచ్చిస్తా" అంటోంది. మామూలు కుండకీ దీనికీ అంత తేడా ఉందా? ఇంకోటి, ఆడపిల్లకి ఆ బరువు, ఆ దెబ్బలు ఎందుకు, వేళ్లు పాడవుతాయి అని మా అత్తగారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు_గిత్త
అక్కా, ఆన్‌లైన్లో మాత్రం కొనొద్దు. నేను కొని అనుభవించాను. అట్టపెట్టె నిండా గడ్డి పెట్టి బాగానే పంపారు, చూడ్డానికి ఎర్రగా బ్రహ్మాండంగా ఉంది, కొడితే మాత్రం కంఠం పట్టేసిన మనిషి మాట్లాడినట్టు బొంగురుగా వచ్చింది. ఇదేందబ్బా, వాయించడం నాకు రాకనేమో అని వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నా. చివరికి మా మావయ్య చెబితే లోపల నీళ్లు పోసి నిలబెట్టా. పావుగంటకి అడుగు నుంచి పక్కకి వెంట్రుకంత గీత తడిగా తేలింది. ఫోన్ చేస్తే "మట్టి వస్తువు సార్, వాపసు ఉండదు" అన్నారు. ఇప్పుడు అందులో మనీప్లాంట్ ఉంది.

మృదంగం_మామ
అమ్మా లతా, ముందు మీ అత్తగారి సంగతి. సుకన్యా రామ్‌గోపాల్ గారి పేరు చెప్పండి ఆమెకి. ఆవిడ కూడా మీ పాప మాదిరే మృదంగం నుంచి ఘటానికి వచ్చారు. మద్రాసులో హరిహర శర్మ గారి దగ్గర, ఆయన కొడుకు విక్కు వినాయకరామ్ గారి దగ్గర నేర్చుకున్నారు. ఆడపిల్ల చేతులకి ఇది కష్టమని మొదట్లో ఆవిడకీ చెప్పారు. పెద్దాయన హరిహర శర్మ గారే పూనుకుని నేర్పించారు. తర్వాత ఆవిడ వేర్వేరు శ్రుతుల ఘటాలు ముందు పెట్టుకుని వాటి మీద రాగం కూడా పలికించే స్థాయికి వెళ్లారు, సంగీత నాటక అకాడమీ అవార్డు కూడా వచ్చింది. వేళ్లు నొప్పి పుడతాయి, నిజం. మగపిల్లలకీ పుడతాయి.

ఇంక కుండ విషయం. శ్రుతి అంటే కంగారు పడకండి, స్వరం ఎంత ఎత్తులో ఉందో చెప్పేదే, నంబరు పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది, మీ పాపకి తెలిసే ఉంటుంది. మగ గాత్రం ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర, రెండు దగ్గర ఉంటుంది, ఆడ గాత్రం ఐదు, ఐదున్నర, ఆరు. మృదంగాన్ని రాయీ కర్రా పెట్టి కొట్టి శ్రుతి అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఘటానికి ఆ వీలు లేదు. ఆవంలోంచి, అంటే కుండలు కాల్చే బట్టీలోంచి, ఏ శ్రుతితో బయటికొస్తే జన్మంతా అదే. అందుకే కచేరీలు చేసేవాళ్లు ఇంట్లో అరడజను పెట్టుకుంటారు, రేపు పాడేది ఎవరో కనుక్కుని దానికి తగ్గది తీసుకెళతారు.

చిన్న కిటుకు ఒకటుంది. పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి ముద్ద, స్టేషనరీ అంగడిలో దొరికేది, అది కొంచెం లోపలి గోడకి అంటిస్తే శ్రుతి కాస్త దిగుతుంది. దింపగలం గానీ ఎక్కించలేం. కాబట్టి మీకు కావలసినదానికన్నా రవ్వంత పైనున్నదే కొనండి. కిందున్నది కొంటే దాన్ని ఎవరూ ఏమీ చేయలేరు.

చూసే పద్ధతి. మూతి అంచుని ఎడమచేతి వేళ్లతో పట్టుకుని గాల్లోకి ఎత్తి, కుడిచేతి చూపుడువేలి కణుపుతో మెడ దగ్గర ఒకటి, నడుం మీద ఒకటి, అడుగున ఒకటి కొట్టండి. తర్వాత చుట్టూ తిప్పుతూ నడుం మీదే పది పన్నెండు చోట్ల కొట్టండి. నడుం చుట్టూ ఒకే నాదం రావాలి. ఒక పక్క ఖంగుమని ఇంకో పక్క బొదబొదలాడితే గోడ మందం సమంగా లేదన్నమాట, పక్కన పెట్టేయండి. ఫోన్లో శ్రుతి చూపించే యాప్ వేసుకుంటే మీ చెవి మీద మీకు నమ్మకం లేకపోయినా పనైపోతుంది. అంచు చేత్తో తడిమి చూడండి, గరుకుగా పెచ్చులు లేచి ఉంటే రేపు కడుపుకి గీసుకుంటుంది. ఫోన్ లైటు లోపలికి వేసి అడుగు చూడండి. ఇవన్నీ అయ్యాక పాపని అక్కడే కింద కూర్చోబెట్టి, ఒళ్లో పెట్టించి, పది నిమిషాలు వాయించమనండి. అంగడివాడు విసుక్కుంటే విసుక్కోనీ.

సారె_తిప్పినింటివాడు
మాది కందుకూరు దగ్గర. మా తాత, మా నాయన కుండలు చేసినవాళ్లే, నేను మాత్రం బ్యాంకులో. లతక్కా, ఆ అవ్వ మాట నమ్మొద్దని అనను గానీ, ఒక సంగతి వినండి.

నీళ్లకుండకి మంచి పేరెందుకొస్తుంది? నీళ్లు చల్లగా ఉంచితే వస్తుంది. చల్లగా ఎట్లా ఉంటాయి? కుండ చెమర్చాలి. చెమర్చాలంటే మట్టిలో సన్న రంధ్రాలుండాలి, అందుకే మట్టిలో ఇసక పాళ్లు చూసి కలుపుతారు, మరీ గట్టిగా కాల్చరు. ఘటానికి సరిగ్గా తలకిందులు. గోడ ఎంత చిక్కగా ఉంటే అంత మోగుతుంది. మంచి నీళ్లకుండ ఎప్పుడూ మంచి ఘటం కాదక్కా. ఎండాకాలం సంతలో మన ఆడవాళ్లు కుండ కొనేముందు వేలితో కొట్టి చూస్తారు చూడండి, అది పగుళ్లు ఉన్నాయా లేవా అని చూడటం. నాదం కోసం కాదు.

ఘటం చేసేవాళ్లు సారె మీద తీసిన తర్వాత అసలు పని మొదలుపెడతారు. లోపల గుండ్రాయి ఆనించి, బయట నుంచి చెక్కతో కొడుతూ, తిప్పుతూ, మళ్లీ కొడుతూ గోడనంతా ఒకే మందానికి తెస్తారు. ఆరితే కుదించుకుంటుంది, కాలితే ఇంకా కుదించుకుంటుంది, అప్పుడు శ్రుతి ఎక్కడికొచ్చి ఆగుతుందో పచ్చిగా ఉన్నప్పుడే ఊహించాలి. మా నాయన అంతటి పనివాడు కూడా ఒకసారి ఎవరో అడిగారని చేయబోయి నాలుగు చేస్తే మూడు ఆవంలోనే పగిలాయి, నాలుగోది మోగింది గానీ దేనికీ కలవని శ్రుతి. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు.

పెన్నా_గట్టు
నెల్లూరోళ్లం, మట్టి చట్టి అంటే మాకు చేపల పులుసే గుర్తొస్తుంది. చట్టి కొత్తగా కొన్నప్పుడు గంజి పోసి కాచి అదును చేస్తాం కదా, ఘటానికి కూడా అట్లాంటిది ఏమైనా ఉందా సార్?

మృదంగం_మామ
లేదు నాయనా. గంజీ వద్దు, నూనే వద్దు. పొడిగుడ్డతో తుడవడమే. నూనె పట్టిస్తే వేలు జారుతుంది. పులుసు సంగతి ఆదివారం పొద్దున్నే గుర్తు చేశావు, దయచేసి ఊరుకో.

అద్దంకి_సుబ్బు
కొనేటప్పుడు మానామదురై ఘటమే కొనండి, మిగతావి దండగ. అసలైన ఖంగు దానికే ఉంటుంది. మిగతావి బొమ్మలు.

సారె_తిప్పినింటివాడు
సుబ్బన్నా, పద్నాలుగేళ్ల పిల్లకి కూడానా?

అద్దంకి_సుబ్బు
ఎందుకు కాదు? మొదట్నుంచీ మంచి వాద్యం మీద నేర్చుకుంటేనే చెయ్యి కుదురుతుంది.

మృదంగం_మామ
సుబ్బు చెప్పింది సగం నిజం. మానామదురై అంటే మదురై దాటాక వైగై ఒడ్డున ఉండే ఊరు, శివగంగ జిల్లా. చెన్నై నుంచి రామేశ్వరం పోయే రైళ్లు ఆ మీదుగా వెళతాయి. అక్కడి మట్టి వేరు, అందులో లోహపు పొడి కలుపుతారు, గోడ మందం. దెబ్బ కొడితే గంట మాదిరి పలుకుతుంది, హాలు వెనక వరుసలోకి కూడా వినపడుతుంది. అక్కడ ఘటాలు చేసే మీనాక్షి కేశవన్ గారికి సంగీత నాటక అకాడమీ అవార్డు ఇచ్చారు, వాద్యం చేసినందుకు. మట్టి తొక్కే చేతులకి ఢిల్లీలో గౌరవం దక్కిందని చదివిన రోజు నాకు చాలా సంతోషమేసింది. 2023లో అక్కడి మట్టిపనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

సరే, మిగతా సగం. అది బరువు, గట్టి. దాని మీద నాదం రాబట్టాలంటే దెబ్బలో బలముండాలి. నేను ముప్పై ఏళ్ల వయసులో, మృదంగం మీద చెయ్యి బాగా తిరిగాక, మోజుపడి మానామదురై తెచ్చుకున్నా. నెలరోజులకి కుడి ఉంగరపు వేలి చివర వాచి, అన్నం కలుపుకోవడానికి స్పూను పెట్టుకోవాల్సి వచ్చింది. చెన్నై ఘటం పలచన, తేలిక, మెల్లగా తాకినా పలుకుతుంది, వేగంగా నడకలు వేసినా చెయ్యి అలిసిపోదు. మోత తక్కువే, ఒప్పుకుంటా. ఇంట్లో సాధన చేసుకునే పిల్లకి వెనక వరుస దాకా వినపడాల్సిన పనేముంది? పక్కింటివాళ్లకి వినపడకపోతే ఇంకా మంచిది.

అద్దంకి_సుబ్బు
వేలు వాచడం నేర్చుకోవడంలో భాగమే మామా. మా గురువుగారు అదే అనేవారు.

మృదంగం_మామ
మీ గురువుగారికి నమస్కారం. పాపకి పదిహేడేళ్లు దాటాక వేలు వాచనీ, అప్పుడు నేనే మానామదురై తీసుకెళతా.

గుమ్మెట_మనవడు
మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మట్టి వాద్యం అంటే అందరూ తమిళదేశం వైపే చూస్తున్నారు, మన బుర్రకథ గుమ్మెట ఎవరికీ గుర్తు రాలేదా? మా తాత వంత. కథకుడు నడుమ తంబురా వేసుకుని చిందు వేస్తుంటే ఇటొకరు అటొకరు గుమ్మెటతో "తందాన తాన" అందుకునేవాళ్లు. మా తాతది మట్టి గుమ్మెటే, ఒక వైపు చర్మం మూత, రెండో వైపు ఖాళీ. కథ మొదలయ్యే ముందు ఎండుకొబ్బరి చిప్పలు, ఎండాకులు వెలిగించి చర్మాన్ని ఆ సెగకి చూపించేవాడు, అప్పుడు బిగుసుకుని టంగుమనేది. మంచు కురిసే రాత్రుల్లో కథ సగంలో మళ్లీ వదులైపోతే, ఆ సందులో హాస్యం చెప్పే వంత ఏదో పిట్టకథ అల్లి జనాన్ని నవ్విస్తుంటే మా తాత పోయి సెగ చూపించుకుని వచ్చేవాడంట. తర్వాత తర్వాత ఇత్తడివి వచ్చాయి. పగలవు గానీ ఆ మెత్తదనం రాదని చచ్చేదాకా సణిగాడు.

ఒంగోలు_గిత్త
ఇది వేరే టాపిక్ పెట్టి రాయన్నా, నిజంగా చదువుతాం.

ఫిజిక్స్_అయ్యవారు
గుమ్మెటలో చర్మం మోగుతుంది, ఘటంలో గోడే మోగుతుంది. అందుకే ఘటానికి మంచు, ఉక్కపోత పెద్దగా పట్టవు. నెల్లూరులో వాన ముందు ఉక్కకి మృదంగాలన్నీ దిగిపోయి కచేరీ ఆపి కొట్టుకుంటుంటే ఘటం మాత్రం చెప్పినచోటే ఉంటుంది.

ఇంకోటి మా పిలకాయలకి క్లాసులో చూపిస్తుంటా. ఖాళీ సీసా మూతి మీద ఊదితే బూ అని మోగుతుంది కదా, లోపలి గాలి ఊగడం అది. మూతిని వేలితో సగం మూసి ఊదితే శబ్దం లావవుతుంది, అంటే శ్రుతి కిందికి దిగుతుంది. ఘటం వాయించేవాళ్లు పొట్టతో చేసేది ఇదే. మూతిని పొట్టకి ఆనించి, దగ్గరికి దూరానికి జరుపుతూ దెబ్బ వేస్తే "గుమ్" అని లోతైన నాదం జారుతుంది. గోడ శ్రుతి మారదు, లోపలి గాలి శ్రుతి మారుతుంది. లతమ్మా, పాపకి మూతి మరీ వెడల్పున్నది కొనకండి, చిన్న పొట్టకి ఆనదు, సందుల్లోంచి గాలి పోతే గుమ్ రాదు. బట్ట మందంగా ఉన్నా ఆ నాదం మెత్తబడుతుంది, సాధనకి పలచటి కాటన్ వేసుకోమనండి.

కావలి_లత
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. అత్తగారికి సుకన్య గారి వీడియో చూపించాను. మొదటి ఐదు నిమిషాలు మూతి ముడుచుకుని చూశారు, తర్వాత "ఆ అమ్మాయి చెయ్యి చూడు ఎట్లా పోతోందో" అన్నారు. ఇంక పర్మిషన్ వచ్చినట్టే. వచ్చే వారం చెన్నైలో పెళ్లి ఉంది, అక్కడే చూస్తాం.

మృదంగం_మామ
మంచిది. కొన్నాక రైల్లో మాత్రం పై బెర్తు మీద పెట్టొద్దు. సీటు కింద కూడా వద్దు, ఎవరో ఒకరు ట్రాలీ బ్యాగు తోస్తారు. పాత దుప్పటి రెండు చుట్లు చుట్టి ఒళ్లో పెట్టుకు రావడమే. ఇంట్లో కింద పెట్టేటప్పుడు ఒట్టి గచ్చు మీద పెట్టకుండా చుట్టకుదురు మీద పెట్టండి. పగిలితే జిగురు పెట్టి అతికించినా ఉపయోగం లేదు, చూడ్డానికి అతుకుతుంది, మోగదు.

కావలి_లత
కొన్నాం! వివరంగా రాస్తాను, ముందు ముందు ఎవరికైనా పనికొస్తుంది.

అంగడిలో వరసగా తొమ్మిది పెట్టారు. మామ గారు చెప్పినట్టే మూతి పట్టుకుని ఎత్తి కొడుతుంటే అంగడాయన మొదట నవ్వాడు, నాలుగో దానికి వచ్చేసరికి ఆయనే ఇంకో రెండు లోపల్నుంచి తెచ్చాడు. చూడ్డానికి అన్నిట్లోకీ అందంగా, నున్నగా మెరుస్తున్నది ఒకటుంది, నాకు అదే నచ్చింది. పాప చుట్టూ తిప్పి కొడుతూ ఒకచోట ఆగి, "అమ్మా ఇక్కడ విను" అంది. నాకేం తెలియలేదు. యాప్ పెడితే అక్కడ సూది కిందికి పడింది. అదే చోట మళ్లీ కొట్టినా మళ్లీ పడింది. పక్కన పెట్టేశాం.

చివరికి తీసుకున్నది కొంచెం చిన్నది, ఒక పక్క ఆవంలో పొగ తగిలినట్టు నల్లటి మచ్చ ఉంది, చూపుకి ఏమంత బాగోలేదు. ఐదున్నరకి కొద్దిగా పైన ఉంది. పాప గురువుగారి దగ్గర పాడే పిల్లలంతా ఐదు, ఐదున్నర వాళ్లే కాబట్టి సరిపోతుందనుకున్నాం. మానామదురైది కూడా ఒళ్లో పెట్టించి చూశాం సుబ్బన్నా, నాదం మీరన్నట్టే అద్భుతం, పాప రెండు నిమిషాలు వాయించి చెయ్యి దులుపుకుంది.

అద్దంకి_సుబ్బు
సరేలేమ్మా. నల్లమచ్చ ఉన్నచోట నాదం సమంగానే ఉందిగా?

కావలి_లత
ఉందన్నా, ముందు అక్కడే కొట్టి చూశాం. రంగు బంకమట్టి నిమ్మకాయంత అంటిస్తే ఐదున్నరకి సరిగ్గా కూర్చుంది. ఇంట్లో పచ్చరంగుదే ఉంటే అదే పెట్టాం.

మృదంగం_మామ
బంకమట్టి మెడ దగ్గర కాకుండా లోపల కిందివైపు ఉందా? నెలకోసారి తీసి కొత్తది పెట్టండి, ఎండితే ఊడి లోపల గలగలమంటుంది. సాధన మొదట పావుగంటే. గోళ్లు మరీ కొరికేయనివ్వొద్దు, మరీ పెంచనివ్వొద్దు. చేతికి ఉంగరం ఉంటే తీసేయాలి, గోడ పెచ్చు లేస్తుంది. మృదంగం చెయ్యి ఉంది కాబట్టి సొల్లు (తరికిట లాంటి తాళపు పలుకులు) అంతా వస్తుంది, కానీ ఎడమచెయ్యి తొప్పి (మృదంగం ఎడమవైపు) అలవాటుతో గట్టిగా పడుతుంది చూడండి. ఇక్కడ రెండు చేతులూ సమానం. ముందు నెల ఎడమచేత్తో మాత్రమే తకిట తకధిమి వేయించండి.

సారె_తిప్పినింటివాడు
అక్కా, ఆ కుండల అవ్వకి చూపించారా మరి?

కావలి_లత
నిన్న వచ్చింది. చేతిలోకి తీసుకుని, కణుపుతో రెండు సార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింది. లోపల చెయ్యి పెట్టి గోడంతా తడిమింది. "కొట్టినోడెవరో పనోడే" అంది. తర్వాత కింద పెట్టి, "కానీ ఇందులో నీళ్లు చల్లబడవమ్మోయ్, ఎండాకాలానికి నాది ఒకటి తీసుకో" అని గంప దించింది. పగలగొట్టిన దాని బదులు కావాలి కదా, తీసుకున్నాం.